అరకు నుంచి సముద్రం దాకా ఒక రిలే కావాలి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ క్రీడల శాఖ, పర్యాటక శాఖ మంత్రులకు,

అరకు లోయలో బయల్దేరి విశాఖ సముద్రపు ఒడ్డున ముగిసే ఒక రిలే పరుగును ప్రభుత్వం తరఫున మొదలుపెట్టండి. ఈ ఉత్తరంలో నేను అడుగుతున్నది ఇదొక్కటే. పతకాలు కొట్టే క్రీడాకారుల కోసం కాదు. వాళ్లకు కావలసినవి వేరే ఉన్నాయి, అవీ ఇవ్వాలి. నేనడిగే రిలే బ్యాంకు ఉద్యోగికి, స్టాఫ్ నర్సుకు, ప్రభుత్వ బడి టీచరుకు, ఆర్టీసీ డ్రైవరుకు, రైతుబజారులో కూరలమ్మే ఆవిడకు. ఇలాంటివాళ్లు పన్నెండు మంది కలిసి ఒక జట్టు కట్టి, కొండ నుంచి సముద్రం దాకా దారిని తలా కొంత పంచుకుని పరిగెత్తాలి. సగం సిద్ధపడ్డ మనిషి కూడా ఇందులో క్షేమంగా పరిగెత్తి ఇంటికి చేరాలి. ఆ సగాన్ని ముప్పాతిక చేసుకోవడానికి తగినంత ముందుగా వాళ్లకు కబురు అందాలి.

మాది ఎస్.కోట. అరకు ఘాట్ దిగిన ప్రతి టూరిస్టు బస్సూ మా ఊరి మీదుగానే విశాఖకు పోతుంది. ఉద్యోగం కోసం అమెరికా వచ్చి ఒరెగాన్ రాష్ట్రంలోని హిల్స్‌బరోలో స్థిరపడ్డాను. ఇక్కడ ఏటా ఆగస్టు చివర్లో హుడ్ టు కోస్ట్ అనే రిలే జరుగుతుంది. మా తెలుగువాళ్ల జట్టులో ఒకాయనకు మడమ నొప్పి ఎక్కువై తప్పుకుంటే ఆయన చోట్లోకి నన్ను తీసుకున్నారు. అప్పటికి నాకున్న అలవాటల్లా వారాంతాల్లో పార్కు చుట్టూ కాసేపు పరిగెత్తడమే. రిలేల్లో ఇది మామూలు సంగతి. పన్నెండు మందిని నెలల ముందే కూడగట్టినా, పరుగు నాటికి ఒకరికి జ్వరం వస్తుంది, ఒకరికి ఆఫీసు పని పడుతుంది, ఒకరికి మోకాలు పట్టేస్తుంది. ఆఖరి వారాల్లో వచ్చి చేరినవాళ్లు లేని జట్టు అరుదు. రిలే నియమాలు రాసేటప్పుడు ముందు ఆ మనిషిని తలుచుకుని రాయాలని నా అభిప్రాయం.

హుడ్ టు కోస్ట్ ఎలా నడుస్తుందో కొంచెం చెబుతాను. హుడ్ పర్వతం ఒరెగాన్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ, 3,429 మీటర్లు. దాని మీద సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న టింబర్‌లైన్ లాడ్జ్ దగ్గర పరుగు మొదలవుతుంది. పసిఫిక్ ఒడ్డున సీసైడ్ అనే చిన్న ఊళ్లో, ఇసుక మీద ముగుస్తుంది. మొత్తం దూరం సుమారు 320 కిలోమీటర్లు. దాన్ని 36 అంచెలు చేశారు. జట్టులో పన్నెండు మంది ఉంటే మనిషికి మూడు అంచెలు. జట్టుకు రెండు వ్యాన్లు, వ్యానుకు ఆరుగురు. మొదటి వ్యానులోవాళ్లు వరసగా ఆరు అంచెలు పరిగెత్తాక రెండో వ్యానుకు అప్పజెబుతారు. వీళ్లు పరిగెత్తుతున్నంతసేపూ వాళ్లు తినాలి, కాళ్లు చాపుకోవాలి, కుదిరితే ఓ కునుకు తీయాలి. శుక్రవారం పగలంతా, రాత్రంతా, మళ్లీ శనివారం. చేతిలో కర్ర ఉండదు. మణికట్టు మీద చరిస్తే దానంతటదే చుట్టుకునే ఒక పట్టీ ఉంటుంది. దాన్నే ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుస్తారు.

ఇవన్నీ ఏర్పాట్లు. నన్ను అన్నిటికన్నా కదిలించింది బయల్దేరే వేళల పద్ధతి. అన్ని జట్లనూ ఒకేసారి వదలరు. ఒక్కో జట్టు వేగాన్ని ముందే లెక్కగట్టి, నెమ్మదిగా వెళ్లేవాళ్లను తెల్లవారకముందే పంపుతారు, వేగంగా వెళ్లేవాళ్లను పొద్దెక్కాక పంపుతారు. దాంతో సముద్రం దగ్గరికి అందరూ ఇంచుమించు ఒకే వేళకు చేరుకుంటారు. నెమ్మదిగా పరిగెత్తేవాడు ఖాళీ రోడ్డు మీద, మడిచేసిన టెంట్ల మధ్య, అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా చేరే పరిస్థితి రాదు. ఒలింపిక్ స్థాయి మనిషి, నిన్నమొన్న బూట్లు కొనుక్కున్న మనిషి ఒకే ఇసుక మీద ఒకే సందట్లో నిలబడతారు. ఇంత మర్యాదైన ఏర్పాటు ఏ మారథాన్‌లోనూ నేను చూడలేదు.

మన దగ్గర మారథాన్లకు ఇప్పుడు కొదవలేదు. హైదరాబాద్‌లో ఆగస్టులో పెద్దది జరుగుతుంది, విశాఖలో నేవీ మారథాన్ ఉంది. ఇవి ఎన్నో వేల మందిని పొద్దున్నే నిద్రలేపాయి. కానీ మారథాన్‌లో ఎవరి పరుగు వాళ్లది. కాలు పట్టేస్తే పక్కకు తప్పుకుంటాం, ఆటో ఎక్కి ఇంటికి పోతాం, నష్టపోయేది మనమే. రిలేలో మన కోసం ఒక మనిషి బూట్ల తాళ్లు బిగించుకుని రోడ్డు చివర నిలబడి ఉంటాడు. మన వెనకాల ఒకరు ఇప్పటికే ఒళ్లంతా చెమటతో తమ వంతు తెచ్చి మన చేతిలో పెట్టి ఉంటారు. ఈ ఇద్దరి మధ్య ఉన్నప్పుడు మనిషి తన ఒంట్లో లేదనుకున్న ఓపికను బయటికి తీస్తాడు. అదే కారణంగా ఆగవలసిన చోట ఆగకుండా ప్రమాదం కొనితెచ్చుకుంటాడు కూడా. రిలే గొప్పతనం, రిలే ప్రమాదం రెండూ ఇక్కడే ఉన్నాయి. రెండోదాన్ని గురించి నిర్వాహకులు తక్కువ మాట్లాడతారు. నాకు చెప్పాలని ఉన్నది దాని గురించే.

అంచె దూరం చూస్తే చిన్నదిగా కనిపిస్తుంది. ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లే కదా అనుకుంటాం. 320ని పన్నెండు మందికి పంచితే మనిషికి దాదాపు 27 కిలోమీటర్లు పడుతుంది. హాఫ్ మారథాన్ 21 చిల్లర. అంటే ఒకటిన్నర రోజు లోపల, నిద్ర లేకుండా, మూడు ముక్కలుగా, హాఫ్ మారథాన్ కన్నా ఎక్కువే పరిగెత్తాలి. మధ్యలో గంటల తరబడి వ్యాన్ సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. పరుగు కన్నా ఆ కూర్చోవడమే కష్టం. వేడిగా ఉన్న కండరం చల్లబడి బిగుసుకుంటుంది. రెండోసారి వ్యాన్ దిగేటప్పుడు తలుపు పట్టుకోకుండా కాలు కింద పెట్టలేం. ఏం తినాలో తెలియదు. తింటే కడుపులో బరువు, తినకపోతే కాళ్లలో సత్తువ ఉండదు. మా వ్యాన్‌లో పనికొచ్చిన తిండి ఉప్పు చల్లిన ఉడకబెట్టిన బంగాళాదుంపలు, అరటిపళ్లు, పలచగా కలిపిన పెరుగన్నం. కంపెనీల జెల్లు పాకెట్లు చాలావరకు అలాగే మిగిలిపోయాయి.

నా మొదటి అంచె పోర్ట్‌ల్యాండ్ శివార్లలో, ఒకప్పటి రైలు పట్టాలు తీసేసి వేసిన స్ప్రింగ్‌వాటర్ బాట మీద, మిట్టమధ్యాహ్నం. చదునైన దారి, నీడ తక్కువ. దాని గురించి చెప్పడానికి ఎండ తప్ప ఏమీ లేదు. రెండోది రాత్రి. సెయింట్ హెలెన్స్ అనే ఊరు దాటాక మిస్ట్ అనే పల్లె వైపు అడవిలోకి వెళ్లే దారి, కొంత మేర కంకర రోడ్డు. పక్కనుంచి జట్ల వ్యాన్లు పోతుంటే దుమ్ము లేస్తుంది. నుదుటికి కట్టుకున్న లైటు ఆ దుమ్ము మీద పడి కళ్లెదుట తెల్లటి తెర నిలుస్తుంది, దాని అవతల ఏమీ కనిపించదు. తుండుగుడ్డ తడిపి ముక్కుకు కట్టుకున్నాను. ముందెక్కడో ఎవరి నడుముకో ఎర్ర లైటు వెలిగి ఆరుతూ ఉంది. అది కనిపిస్తే రోడ్డు ఇంకా తిన్నగానే ఉందని అర్థం, మాయమైతే మలుపు వచ్చిందని అర్థం. ఎత్తు వచ్చిన చోటల్లా నడిచాను. చదునులో పరిగెత్తాను. నా బూట్ల కింద కంకర చప్పుడు, నా ఊపిరి, అప్పుడప్పుడు దూరంగా మరొకరి బూట్ల చప్పుడు, ఇవి తప్ప ఇంకేమీ వినిపించలేదు.

ఆ అంచెకు ముందు మా కెప్టెన్ అక్క నాతో అన్న మాట మీకు చెప్పాలి. తెనాలి ఆవిడ, ఇద్దరు పిల్లల తల్లి, మా అందరికన్నా బాగా పరిగెత్తే మనిషి. "తమ్ముడూ, నువ్వు ఎంతసేపట్లో వస్తావో ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాకోసం తగ్గించి చెప్పకు. నువ్వు గంటకు వస్తానంటే గంటకే మనిషిని నిలబెడతా. ముప్పావు గంటకు వస్తానని గంటకు వస్తే, ఆ పిల్లాడు పావుగంట చలిలో బిగుసుకుపోతాడు" అంది. నేను గంటా ఐదు నిమిషాలని చెప్పాను. ఆవిడ కాగితం మీద రాసుకుని, "ఎగుడు వస్తే నడువు. నోరు తెరిచి ఒక వాక్యం చెప్పలేకపోతే వేగం ఎక్కువైనట్టు. గుండెల్లో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా అక్కడే కూర్చో, వచ్చే వ్యానును ఆపు, పరుగు పోతే పోయింది" అని పంపింది. సగం సిద్ధపడ్డ రన్నరుకు ఏ జట్టులోనైనా చెప్పవలసింది ఇంతే. నెమ్మదిగా వెళ్లడం వల్ల జట్టుకు పెద్ద నష్టం లేదు, ఆ నెమ్మదిని ముందే లెక్కలో వేసుకోవచ్చు. లెక్క తప్పు చెబితేనే ఇబ్బంది. ఆపదలో ఆగడానికి అనుమతి ముందే, నోటితో, స్పష్టంగా ఇచ్చి ఉండాలి. లేకపోతే మనిషి మొహమాటంతో పరిగెత్తుతూనే ఉంటాడు.

ఆ రాత్రి అంచె చివర, దూరంగా పట్టీ మార్చుకునే ఎక్స్ఛేంజ్ దగ్గర వాలంటీరు మైకులో నంబర్లు పిలుస్తోంది. నా నంబరు విన్నాక, చీకట్లో గెంతుతూ ఒళ్లు వేడి చేసుకుంటున్న మా కుర్రాడు చెయ్యి చాపి ముందుకు వచ్చాడు. పట్టీ అతని మణికట్టుకు చుట్టుకుంది. "అన్నా, సరిగ్గా చెప్పిన టైముకే వచ్చావు" అంటూనే చీకట్లో కలిసిపోయాడు. అప్పుడు నాకు కలిగిన తృప్తి ఎంత వేగంగా పరిగెత్తినా వచ్చేది కాదు.

ఆ తృప్తి మన ఊళ్లలో మామూలు మనుషులకు అందాలన్నదే నా కోరిక. మా అమ్మ ఫోన్లో, "ఏటిరా, ఈ వయసులో పరుగులేటి?" అంది. ఆవిడది నిజమైన భయం. మన దగ్గర నలభై దాటాక శరీరాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే వస్తువుగానే చూస్తాం. స్కూలు వదిలాక ఆడవాళ్లు పరిగెత్తడమన్న మాటే ఉండదు. తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత మహిళల 4×400 మీటర్ల రిలే జట్టులో పరిగెత్తింది. ఆ వార్త చదివి సంతోషించిన తల్లులు, పిన్నులు లక్షల్లో ఉంటారు. వాళ్లలో ఎవరికైనా రేపు పొద్దున బూట్లు వేసుకుని ఎక్కడికి వెళ్లాలో తెలుసా? ఒక జట్టు, ఒక తేదీ, ఒక అంచె ఉంటే తెలుస్తుంది. ఒంటరిగా రోడ్డు మీద పరిగెత్తడానికి జంకే ఆడవాళ్లు పన్నెండు మందితో కలిసి అయితే వస్తారు.

ప్రభుత్వమే ఎందుకు పూనుకోవాలని మీరు అడగవచ్చు. దూరపు రిలేలకు పుట్టినిల్లనదగ్గ జపాన్‌లో దీన్ని మొదలుపెట్టింది ఒక వార్తాపత్రిక. 1917 ఏప్రిల్‌లో క్యోటోలోని సంజో వంతెన నుంచి టోక్యోలోని ఉయెనో దాకా, సుమారు 508 కిలోమీటర్లు, 23 అంచెలుగా యొమియురి పత్రిక పరిగెత్తించింది. రాజధాని టోక్యోకు మారి యాభై ఏళ్లయిన సందర్భం అది. మూడేళ్లకు, 1920లో విశ్వవిద్యాలయాల జట్ల మధ్య హకోనె రిలే మొదలైంది. ఇప్పటికీ జనవరి 2, 3 తేదీల్లో ఆ దేశంలో కోట్ల మంది టీవీ ముందు కూర్చుని దాన్ని చూస్తారు. మన పత్రికలూ ముందుకు రావచ్చు, వస్తే మంచిదే. కానీ అరకు ఘాట్ రోడ్డు మీద వాహనాలను కొన్ని గంటలపాటు ఆపగలిగేది, కొండ ఉన్న జిల్లా పోలీసులకు, సముద్రం ఉన్న నగర పోలీసులకు ఒకే కాగితం మీద ఉత్తర్వు ఇవ్వగలిగేది, దారి పొడుగునా 108 అంబులెన్సులు నిలబెట్టగలిగేది మీరే.

హకోనె పద్ధతిలో ఒకటి మాత్రం మనకు వద్దు. అక్కడ భుజానికి అడ్డంగా వేసుకునే గుడ్డపట్టీని ఒకరి నుంచి ఒకరికి మారుస్తారు. ముందున్న జట్టుకు, వెనకబడ్డ జట్టుకు మధ్య నిర్ణీత సమయం దాటిపోతే, వెనకబడ్డవాడు వచ్చే లోపలే తర్వాతి రన్నరును వేరే పట్టీ వేసి పంపేస్తారు. కొన్ని అడుగుల దూరంలో ఉండగా తమవాడు వెళ్లిపోవడం చూసి రోడ్డు మీద కూలబడి ఏడ్చిన విద్యార్థులు ఎందరో. ట్రాఫిక్ ఆపి ఉంచలేరు కాబట్టి అక్కడ అది తప్పదు. ఏళ్ల తరబడి దాని కోసమే శిక్షణ తీసుకున్న కుర్రాళ్ల పోటీ కాబట్టి వాళ్లు తట్టుకుంటారు. మామూలు మనుషుల రిలేలో సమయం మించితే ఆ రన్నరును బండిలో ఎక్కించి, పట్టీ అతని చేతుల మీదుగానే తర్వాతి మనిషికి ఇప్పించాలి. లెక్కలో ఆ జట్టుకు కొన్ని నిమిషాలు కలపండి. చేతులు మాత్రం కలవనివ్వండి.

ఇక దారి. అరకు నుంచి విశాఖకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. దాన్ని 24 అంచెలు చేస్తే మనిషికి రెండు అంచెలు, ఒక్కోటి ఐదు కిలోమీటర్ల లోపు. హుడ్ టు కోస్ట్‌తో పోలిస్తే మూడో వంతు దూరం, మొదలుపెట్టడానికి సరైన దూరం. అరకు దాటాక దారి మొదట ఎక్కుతుంది, గాలికొండ దాటాక దిగుడు. అనంతగిరి, టైడా మీదుగా మలుపులు తిరుగుతూ మా ఎస్.కోట వైపు వచ్చి మైదానంలో పడుతుంది. పక్కనే కొండల్లో సొరంగాలు దూరుతూ కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు గుండా జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన మార్గమది. దూరపు రిలేలకు పుట్టినిల్లనదగ్గ దేశంతో ఆ కొండకు అప్పటి నుంచే చుట్టరికం ఉంది.

రాత్రి పరుగు అనుభవం ఎంత గొప్పదైనా ఘాట్ మీద రాత్రి పరుగు వద్దు. డిసెంబరులో అక్కడ మంచు దట్టంగా కమ్ముతుంది, మలుపులో లారీ డ్రైవరుకు మనిషి కనిపించడు. వేళలు ఇలా సర్దవచ్చు. కిలోమీటరుకు 8 నిమిషాల చొప్పున వెళ్లే జట్టుకు 115 కిలోమీటర్లకు 15 గంటల 20 నిమిషాలు పడుతుంది. దాన్ని ఉదయం ఆరింటికి వదిలితే రాత్రి 9.20కి సముద్రం చేరుతుంది. కిలోమీటరుకు 6 నిమిషాల జట్టుకు పదకొండున్నర గంటలు చాలు. దాన్ని పదింటికి వదిలితే రాత్రి తొమ్మిదిన్నరకు చేరుతుంది. అందరూ మధ్యాహ్నం మూడింటికల్లా ఘాట్ దిగిపోతారు. కొత్తవలస, పెందుర్తి ప్రాంతాలకు వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. అక్కడి నుంచి ప్రతి రన్నరుకూ మెరిసే జాకెట్టు, నుదుటి లైటు తప్పనిసరి చేయాలి. నగరంలోకి ఎన్‌ఏడీ కూడలి మీదుగా కాకుండా వేపగుంట దగ్గర సింహాచలం వైపు మళ్లించి, అడవివరం, హనుమంతవాక మీదుగా తీసుకొస్తే రద్దీ తగ్గుతుందేమో పోలీసులు చూడాలి. ముగింపు ఆర్కే బీచ్‌లో, కురుసుర జలాంతర్గామి ముందు.

దిగుడు గురించి గట్టిగా హెచ్చరించాలి. ఎక్కడం కష్టమని అందరికీ తెలుసు, దిగడం సుఖమని పొరబడతారు. దిగేటప్పుడు తొడ ముందు కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అలవాటు లేని కండరంలో దానివల్ల సన్నటి చీలికలు పడతాయి. నొప్పి అప్పుడే రాదు, మర్నాడు, ఆ మర్నాడు వచ్చి మెట్లు దిగనివ్వదు. అందుకని ఘాట్ అంచెలు తీసుకునేవాళ్లు రెండు మూడు నెలల ముందు నుంచీ వారానికోసారైనా దిగుడు పరుగు అలవాటు చేసుకోవాలి. విశాఖవాళ్లకు కైలాసగిరి రోడ్డు ఉంది, సింహాచలం కొండ ఉంది. ప్రతి అంచె దూరం, ఎక్కుడు, దిగుడు, నీడ, రోడ్డు తీరు తెలుగులో ఒక చిన్న పుస్తకంగా అచ్చువేసి ఐదు నెలల ముందు ప్రతి జట్టు కెప్టెన్ చేతిలో పెట్టండి. జట్టులో ఎవరికి ఏ అంచె ఇవ్వాలన్నది ఆ పుస్తకం చూసే తేల్చుకుంటారు. కొత్తవాడికి చదునైనది, అలవాటున్నవాడికి దిగుడు.

నీళ్ల విషయంలో మనవాళ్లకు ఒకటే సలహా ఇస్తారు, బాగా తాగమని. అది కూడా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండవలసినదాని కన్నా తక్కువ ఉంది. వాళ్లలో ఎక్కువగా ఉన్నది నాలుగు గంటలకు పైగా పట్టినవాళ్లు, దారిలో తాగిన నీటితో బరువు పెరిగినవాళ్లు. అంటే నెమ్మదిగా వెళ్లే, అలవాటు తక్కువైన రన్నరుకే ఆ ముప్పు ఎక్కువ. దాహం వేసినప్పుడు తాగాలి, ఓఆర్‌ఎస్ దగ్గరుండాలి, ప్రతి టేబుల్ దగ్గరా గ్లాసు మీద గ్లాసు తాగించే వాలంటీర్లకు ఈ సంగతి చెప్పి ఉండాలి.

గుండె సంగతి ఇంకా ముఖ్యం. 2011లో హుడ్ టు కోస్ట్ మీద ఒక డాక్యుమెంటరీ సినిమా వచ్చింది. అందులో నాలుగు జట్ల కథ ఉంది. ఒకటి శిక్షణ అన్నదే లేకుండా వచ్చిన యానిమేటర్ల జట్టు. మరో జట్టులో అంతకుముందు ఏడాది ఇదే పరుగులో గుండెపోటుతో కుప్పకూలి, బతికి బయటపడి మళ్లీ వచ్చిన పెద్దావిడ ఉన్నారు. గుండె ఆగిన మనిషి బతకాలంటే పక్కన ఉన్నవాళ్లు వెంటనే గుండె మీద ఒత్తిడి ఇవ్వడం మొదలుపెట్టాలి. మన రిలేలో నలభై దాటినవాళ్లందరికీ రక్తపోటు, షుగరు, ఈసీజీ పరీక్షలు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేయించండి. ప్రతి జట్టులో ఇద్దరికైనా గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స నేర్పించి, నేర్చుకున్నట్టు కాగితం ఉంటేనే పేర్లు తీసుకోండి. రిలే అయిపోయాక కూడా ఆ ఇద్దరు తమ వీధిలో, తమ ఆఫీసులో ఉంటారు. ఈ ఒక్క నియమం వల్లే ఈ ఖర్చంతా గిట్టుబాటు అవుతుంది.

పోర్ట్‌ల్యాండ్ చుట్టుపక్కల జట్లు పరిగెత్తేవాళ్లతో పాటు పనిచేసే వాలంటీర్లను కూడా ఇవ్వాలని హుడ్ టు కోస్ట్‌లో నియమం. మన దగ్గరా అలాగే పెట్టండి, ఒక్కో జట్టు ముగ్గురిని తేవాలి. వాళ్లకు నీళ్లివ్వడంతో పాటు ప్లాస్టిక్ ఏరే పని కూడా ఉండాలి. అరకు ఇప్పటికే టూరిస్టులు పారేసిన సీసాలతో, పాకెట్లతో నిండుతోంది, మనం ఇంకా చేర్చకూడదు. ఆ కొండల్లో ఉండే గిరిజనులు ఈ పరుగును రోడ్డు పక్కన నిలబడి చూసి పోయేలా ఉండకూడదు. అనంతగిరి, అరకు మండలాల జట్లకు రుసుం వద్దు. వాళ్ల వ్యాన్ ఖర్చు కంపెనీల జట్ల నుంచి వసూలు చేయవచ్చు. ఎక్స్ఛేంజ్ పాయింట్ల దగ్గర తిండి, కాఫీ అమ్మే హక్కు ఆ ఊళ్ల మహిళా సంఘాలకే ఇవ్వాలి. వ్యాన్ల సంఖ్యను మొదటి నుంచే అదుపులో పెట్టండి, జట్టుకు ఒక్కటే. ఘాట్ రోడ్డు ఇరుకు, అంతకుమించితే పరిగెత్తేవాళ్లకు పొగే మిగులుతుంది.

పేరు కోసం, రికార్డు కోసం మొదటి ఏడాదే వెయ్యి జట్లు పిలవాలని మీ అధికారులు అనవచ్చు. దయచేసి ఒప్పుకోకండి. ఇప్పుడు వెయ్యికి పైగా జట్లు పాల్గొంటున్న హుడ్ టు కోస్ట్ 1982లో ఎనిమిది జట్లతో మొదలైంది. మనమూ ఎనిమిదితో మొదలుపెడదాం. ఒకటి టీచర్లది, ఒకటి నర్సులది, ఒకటి ఆర్టీసీది, ఒకటి అరకు రైతులది, తక్కినవి మీ ఇష్టం. వాటిలో సగానికి తక్కువ కాకుండా ఆడవాళ్లు ఉండాలి. వచ్చే డిసెంబరులో తేదీ ఏదో జులైలోగా ప్రకటిస్తే జట్లకు ఐదు నెలలు దొరుకుతాయి. మా హిల్స్‌బరో జట్టు కెప్టెన్ అక్క, ఇంకా కొందరం ఆ నెల సెలవు పెట్టుకుని సొంత ఖర్చుతో వస్తాం. పరిగెత్తడానికి కాదు, ఎస్.కోట ఎక్స్ఛేంజ్ దగ్గర నంబర్లు పిలవడానికి, పట్టీ మార్చడం నేర్పడానికి. అంచెల పుస్తకం రాయడంలో ముందే ఇక్కడి నుంచి సాయపడతాం. మీ కార్యాలయం నుంచి పిలుపు వస్తే టికెట్లు కొంటాం.

భవదీయుడు,
ఎస్.కోటలో పుట్టి ఒరెగాన్‌లో ఉంటున్న ఒక రిలే రన్నరు